ఐదో మనిషి

క్రాస్ కంట్రీ లెక్క తలకిందులు.
ఐదుగురు ఎన్నో స్థానంలో వచ్చారో కూడతారు,
ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళది గెలుపు.
ఇంగ్రిడ్ మొదట వస్తే ఒకటి కలుస్తుంది.
ఐదోదాన్ని, నేను గీత దాటితే ఎనభయ్యో తొంభయ్యో.
"జట్టు బరువంతా నీ దగ్గరే ఉంటుంది" అని
ఆగస్టులో, వాసా ఊరి బయట,
మొక్కజొన్న చేల పక్క మట్టిరోడ్డు మీద
కోచ్ డ్వొరాక్ అన్నప్పుడు
పొంగిపోయాను.

అక్టోబరు మూడో వారం నించి కుడి మోకాలి కింద
ఒక్క చోట. వేలు పెట్టి చూపించగలిగేంత చోట.
పరిగెడుతున్నప్పటి కంటే ఆగాక ఎక్కువ.
రాత్రి దుప్పటి తగిలినా ఉలిక్కిపడేది.

ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదు.
కోచ్ ఆ కాగితం రెండుసార్లు చదివి
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి,
"బాధకీ దెబ్బకీ తేడా తెలుసుకోవాలి, వాగ్స్" అన్నాడు.
నా పేరు వాగ్దేవి. మూడేళ్ళుగా ఇక్కడెవరికీ నోరు తిరగలేదు.
తేడా నాకు తెలుసు.
ఆ మాట అనడానికి నాకూ నోరు తిరగలేదు.

రాష్ట్ర పోటీ ముందు రాత్రి టెస్సా వాళ్ళింట్లో స్పగెటీ.
వాళ్ళమ్మ వరసగా కూర్చోబెట్టి జడలేసి
ఆకుపచ్చ రిబ్బన్లు కడుతోంది.
దువ్వెన నా పాపిట్లో ఉండగా అన్నాను:
రేపు నేను పరిగెత్తను.
దువ్వెన ఆగలేదు.
జడ చివరిదాకా అల్లిందావిడ, చక్కగా, బిగువుగా,
రిబ్బను మాత్రం
మరిచిపోయినట్టు తన ఒళ్ళోనే ఉంచేసుకుంది.

"సెప్టెంబరంతా నాకు తుంటినొప్పి,
ఎవరికైనా చెప్పానా?" అంది ఇంగ్రిడ్.
చెప్పలేదు. నిజమే.
చెప్పి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది.
అప్పుడు మాత్రం సిగ్గేసింది.

మర్నాడు నా బదులు మైన్యా వాంగ్, తొమ్మిదో తరగతి,
నా జెర్సీనే నడుం దగ్గర పిన్నీసులతో బిగించుకుని.
తుపాకీ పేలింది.
నేను తాడు పక్కన కుంటుతూ,
అందరికీ కనపడాలని
ఉన్నదానికంటే కొంచెం ఎక్కువే కుంటుతూ,
రెండో మైలు దాకా నడిచాను.

నూట ముప్పై ఎనిమిది.
గీత దాటిన మైన్యా వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళలేదు,
మా దగ్గరికీ రాలేదు.
మైదానం చివర ప్లాస్టిక్ మరుగుదొడ్లోకి పోయి
గడియ పెట్టుకుంది.
నాలుగు పాయింట్లతో ఓడిపోయాం.
నాలుగంటే నాలుగు.
కుంటుకుంటూ వెళ్ళినా నూట ముప్పై మూడో దాన్ని
కాలేకపోయేదాన్నా?

బస్సులో నా పక్క సీటు ఖాళీ.
కోచ్ ముందు కూర్చుని కూడుతూనే ఉన్నాడు,
ఎన్నిసార్లు కూడినా అంతే వచ్చే లెక్కని.
తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని.
దిగేటప్పుడు నా సంచీ అందించి
"ఐసు పెట్టుకో" అన్నాడు.
ఆ మాటతో నా కోపానికి
నిలబడేందుకు చోటు లేకుండా పోయింది.

సోమవారం నా లాకరు మీద ఎవరో బొమ్మ అతికించారు:
కాలి ఎముక, దాని కింద పెద్ద సున్నా.

డిసెంబరులో ఎమ్మారై.
ఎముక అడుగున తెల్లటి గీత, వెంట్రుక మందం.
"ఆ రోజు గనక పరిగెత్తి ఉంటే..." అని
డాక్టరమ్మ ఆపేసింది.
ఏడుపు రావాలి. నవ్వొచ్చింది.
గీత కోసమే కదా ఇదంతా.

ప్రింటు తీయించి పది రోజులు సంచీలో మోశాను.
కోచ్ గది దాకా రెండుసార్లు వెళ్ళాను.
తెల్లబోర్డు మీద వచ్చే ఏడాది పేర్లు,
ఐదో వరస ఖాళీగా.
తలుపు తట్టలేదు.

మంచినీళ్ళ కుళాయి దగ్గర మైన్యా కనిపించింది.
తనకి చూపించాను, తనకొక్కదానికే.
తడి చేతులు జెర్సీకి తుడుచుకుని
కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి
చాలాసేపు చూసింది.
"నిజంగానే ఉంది" అంది.
తిరిగిచ్చింది, అంచులు నలగకుండా.
రెండడుగులు వేసి వెనక్కి తిరిగి
"నూట ముప్పై ఎనిమిది" అంది,
నేను తన పేరు అడిగినట్టు.